చదివేవాళ్ళు, నొక్కేవాళ్ళు

మా ఆయన పోయాక కూడా వెబ్‌సైట్‌లో రాయడం మానలేదు.

దినాలు అయిపోయి, చుట్టాలు ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయి, నల్లగొండ గడియారం దగ్గరున్న మా డీటీపీ షాపును నేను మళ్ళీ తెరిచిన రోజులవి. ఒక పొద్దున పాలమూరు నుంచి టీచరక్క ఫోన్ చేసింది. ఆమె అక్కడి సర్కారు బడిలో పంతులమ్మ, మా గుంపులో అందరికన్నా పెద్దది. జర మన సైటు తెరిచి చూడు చెల్లె అంది. గొంతు తగ్గించి మాట్లాడింది. నేను టైపు చేస్తున్న పెళ్ళికార్డును పక్కకు జరిపి సైటు తెరిచాను. మొదటి పేజీలోనే కొత్త టపా ఉంది. రమ్మీ ఆడండి, ఇంట్లో కూర్చుని లక్షలు గెలవండి అని. దాని పైన మా ఆయన పేరు, మా ఆయన ఫొటో, ఆ రోజు తేదీ.

నాకేమీ అనిపించలేదు. అబద్ధం ఎందుకు, ఒకటి మాత్రం అనిపించింది. 'గెలవండి' దగ్గర అక్షరం తప్పు పడింది, ఈయన ఇట్లా రాయడే అనుకున్నాను. అంతే. అక్కకు చూశానని చెప్పి, ఫోన్ పెట్టేసి, పెళ్ళికార్డు పూర్తిచేశాను. వరుడి తాతగారి పేరు ముందు 'కీర్తిశేషులు' వద్దు, ఆయన బతికే ఉన్నాడని గిరాకీ నవ్వుతూ చెబితే దిద్ది ఇచ్చాను.

అప్పటికి నాకు ఏమీ అనిపించక చాలా రోజులైంది. పాలమూరులో మా మీటింగుకు గది మాట్లాడి వస్తానని బయల్దేరిన మనిషి, బస్సులో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడని దేవరకొండ బస్టాండు నుంచి ఎవరో ఫోన్ చేశారు. అది మొదలు. శవం దగ్గర ఏడవలేదు. మా అత్త వీపు నిమురుతూ ఏడువు బిడ్డా, కడుపుల పెట్టుకోకు అంటూనే ఉంది. ఏడుపు రాకపోతే నేనేం చేసేది? పన్ను పీకడానికి మందు ఇచ్చాక చెంప ఎట్లా ఉంటుందో, మనిషిని మొత్తం అట్లా ఉన్నాను. అన్నం తింటున్నాను, షట్టర్ ఎత్తుతున్నాను, దించుతున్నాను. దీని గుండె రాయి అని ఎవరైనా అనుకుంటే అనుకోనీ అనుకున్నాను. అది కూడా కోపంతో అనుకోలేదు.

ఆ సైటు మా గుంపుది. వెబ్‌సైట్లు కట్టుకునే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఒకటుంది. దాన్ని ఎవరైనా ఊరికే తీసుకుని వాడుకోవచ్చు, లోపల విప్పి చూసుకోవచ్చు, చేతనైతే బాగుచేయవచ్చు. దాన్ని వాడే మా చుట్టుపక్కలవాళ్ళం నెలకోసారి ఆదివారం పూట కలిసేవాళ్ళం. ఒకసారి నల్లగొండ, ఒకసారి పాలమూరు, ఏడాదికోసారి డ్యామ్ చూసే వంకతో నందికొండ. తెలంగాణ వచ్చిన కొత్తలో ప్రతి ప్రైవేటు బడికీ, ప్రతి ఫంక్షన్ హాలుకూ, విత్తనాల దుకాణానికీ ఒక సైటు కావాలనే మోజు పట్టుకుంది. శుభలేఖలు అచ్చు వేసుకునే మమ్మల్ని కూడా సైటు చేస్తరా అని అడిగారు. ఎందుకు చెయ్యం అని మా ఆయన ఒప్పేసుకున్నాడు. తర్వాత ఇద్దరం తలలు పట్టుకున్నాం. అట్లా తలలు పట్టుకున్నవాళ్ళంతా ఒక్కచోట చేరితే అయిందే మా గుంపు.

గుంపులో ఒక పద్ధతి ఉంది. నడుస్తున్న సైటు మీద ఒంటరిగా ఎవరూ చెయ్యి పెట్టకూడదు. ఇద్దరుండాలి. ఒకరు తెర మీద ఏముందో పైకి చదవాలి, ఇంకొకరు మౌసు పట్టుకోవాలి. చదివేవాళ్ళు మౌసు ముట్టకూడదు. నొక్కేవాళ్ళు చదవకూడదు, వినాలి. చదువు ఎక్కడ ఆగితే అక్కడ నొక్కాలి. నొక్కు అని విడిగా చెప్పేది లేదు, ఆగడమే చెప్పడం. బయటివాళ్ళు చూస్తే వీళ్ళకేమైనా పిచ్చా అనుకుంటారు. కానీ ఈ పద్ధతి ఊరికే పుట్టలేదు. మాలో కేతేపల్లి నుంచి వచ్చే ఫొటోగ్రాఫర్ ఒకాయన ఉన్నాడు. మూఢం వెళ్ళిపోయి పెళ్ళిళ్ళు మొదలయ్యే వారంలో ఒక ఫంక్షన్ హాలు సైటు సర్దుతూ, తెర ఏం అడుగుతోందో చూడకుండా సరే, సరే అని నొక్కుకుంటూ పోయి బొమ్మలన్నీ ఊడ్చేశాడు. ఆ హాలు యజమాని వీధిలో పట్టుకుని తిట్టిన తిట్లు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటాం. కన్నూ చెయ్యీ ఒకే మనిషివైతే కన్ను బద్ధకిస్తుందని మా ఆయన అన్నాడు, ఈ పద్ధతి పెట్టాడు.

మీటింగుల్లో అది పద్ధతి, మా షాపులో అదే కాపురం. నేను చదివేదాన్ని, ఆయన నొక్కేవాడు. పొద్దున కూరగాయల దగ్గర పోట్లాడుకుని వచ్చి, మాటలు లేకుండా కూర్చున్నా, పని దగ్గరికొచ్చేసరికి నా గొంతు, ఆయన చెయ్యి పని చేసుకుంటూ పోయేవి. నేను ఎంతసేపు ఆగితే ఊపిరి కోసం ఆగినట్టో, ఎంతసేపు ఆగితే నొక్కమన్నట్టో ఆయనకు తెలుసు.

మాట్లాడటం తక్కువ ఆయనకు. మర్రిగూడలో పుట్టి, అక్కడి ఫ్లోరైడ్ బోరునీళ్ళు తాగి పెరిగినవాడు కాబట్టి పళ్ళు పసుపుపచ్చగా గార పట్టి ఉండేవి. నవ్వినా పెదాలు విప్పేవాడు కాదు. సైటులో ఉన్న ఫొటోలోనూ అదే నవ్వు. కానీ ప్రతి మీటింగు అయ్యాక ఆ ముచ్చటంతా రాసి సైటులో పెట్టేవాడు. ఎవరొచ్చారు, ఎవరి సైటు ఏమైంది, ఎట్లా బాగుపడింది, మిర్చిబజ్జీలు ఎట్లా ఉన్నాయి, అన్నీ. నేను ఒక్కటి కూడా చదవలేదు. ఎందుకు చదవాలి? నేను అక్కడే ఉన్నాను కదా. అందరూ బాగా రాస్తాడని అంటే, ఇంట్లో పది మాటలు మాట్లాడడు గానీ రాతలకేం తక్కువ లేదు అని దెప్పేదాన్ని. ఇప్పుడు లెక్క చూసుకుంటే, ఆయన చేత్తో రాసిన కాగితం ముక్క నా దగ్గర ఒక్కటీ లేదు. సామాన్లు కూడా ఫోన్‌లోనే చెప్పుకునేవాళ్ళం. ఆయన మాటంటూ ఈ భూమ్మీద ఎక్కడైనా ఉంటే, అది ఆ సైటులోనే.

ఇంతకూ ఆ రమ్మీవాళ్ళు లోపలికి ఎట్లా దూరారో ఫొటోగ్రాఫర్ కనుక్కున్నాడు. నల్లగొండ, పాలమూరు అంతా తిరిగి గట్టి పాస్‌వర్డ్ పెట్టుకోండని నీతులు చెప్పిన మా ఆయన, తనకు మాత్రం పుట్టిన ఊరి పేరు పెట్టుకున్నాడు. వెంటనే దాన్ని మార్చి, చెత్త రాతలన్నీ తీసేశారు. అక్కడితో అయిపోలేదు. గుంపుకు రాని మనిషి పేరున సైటు తాళం ఉంచకూడదని ఇంకో నియమం ఉంది. అదీ ఆయన పెట్టిందే. ఇద్దరు ముగ్గురు చదువుల కోసమో ఉద్యోగాల కోసమో వెళ్ళిపోయినప్పుడు వాళ్ళ ఖాతాలు అందరి ముందూ తీసేశాం. ఇప్పుడు ఆయన ఖాతా తీయాలి, రాతలు మాత్రం పోకూడదు. ఈ మాట నాతో ఎట్లా అనాలో తెలియక వాళ్ళు నానా తంటాలు పడుతుంటే, నేనే ఫోన్ చేసి వచ్చే ఆదివారం పెట్టుండ్రి, నేనొస్త అన్నాను.

నల్లగొండలో ఎప్పుడూ కలిసే కోచింగ్ సెంటర్ మేడ మీది గదిలోనే కలిశాం. బోర్డు మీద ఎవరో చెరిపీ చెరపని లెక్కలున్నాయి. ప్రొజెక్టర్ వెలుగు గోడ మీద పడి ఉంది. నేను లోపలికి వెళ్ళగానే నవ్వుతున్నవాళ్ళు నవ్వు ఆపేశారు. అందరికన్నా ముందు నాకు చాయ్ ఇచ్చారు. ఇన్నేళ్ళూ పోసేది నేనే కాబట్టి నాకు చివరికి దక్కేది. ముందు ఇవ్వడం నాకు నచ్చలేదు. తీసుకుని బల్ల మీద పెట్టాను.

ఫొటోగ్రాఫర్ మౌసు దగ్గర కూర్చున్నాడు. వదినా, చదువుడు అక్కతోని చేపిద్దామా అని అడిగాడు. టీచరక్క అప్పటికే కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంటోంది.

"నేనే చదువుత. ఇన్నేండ్లు చదివినదాన్ని, ఇప్పుడు కొత్తగ ఏమైంది?" అన్నాను.

చదవడం మొదలుపెట్టాను. వాడుకరులు అన్నాను, ఆగాను, నొక్కాడు. మా ఆయన పేరు చదివాను, ఆగాను, నొక్కాడు. తొలగించు అన్నాను, ఆగాను, నొక్కాడు. నా గొంతు మామూలుగానే ఉంది. బస్టాండులో బస్సుల పేర్లు చెప్పేవాళ్ళ గొంతులా ఉంది. కొత్త పేజీ వచ్చింది. మీరు ఈ వాడుకరిని తొలగించబోతున్నారు. ఈ వాడుకరి రాసినవాటిని ఏం చేయాలి? ఆ ప్రశ్న కింద రెండు దారులున్నాయి. ఒకటి, రాసినవన్నీ తొలగించు. రెండోది, రాసినవన్నీ వేరొకరి పేరున పెట్టు. మాకు కావాల్సింది రెండోది. అది గదిలో అందరికీ తెలుసు.

ఆ తెలుగు మేము పెట్టిందే. ఒక ఏడాది నందికొండలో చెట్ల కింద కూర్చుని ఆ సాఫ్ట్‌వేర్‌లోని మాటలను తలా కొన్ని తెలుగులోకి మార్చాం. ఈ పేజీ మా ఇద్దరి వంతుకు వచ్చింది. రాసినవన్నీ తొలగించు అని నేను టైపు చేస్తే, ఆయన, గింత మొరటుగనా, జర మెల్లగ అడుగొచ్చు కదనే అన్నాడు. మెషినుకు మర్యాద ఎందుకయ్యా అన్నాను. మూసిన పెదాలతో నవ్వాడు.

రాసినవన్నీ తొలగించు అని పైకి చదివాను. అక్కడ ఆ నవ్వు గుర్తొచ్చింది. రెండో వాక్యం చదవడానికి నోరు తెరిచాను, మాట రాలేదు. ఏడుపు కాదు. మోటరు నడుస్తున్నా నీళ్ళు రాని బోరు ఉంటుందే, అట్లా గొంతు ఆడుతోంది, మాట రావడం లేదు.

నేను ఆగాను కాబట్టి అతను నొక్కాడు. మొదటి వాక్యం వినగానే అలవాటుకొద్దీ దాని పక్కన చుక్క పెట్టేశాడు. ఆగగానే కిందున్న బటన్ నొక్కేశాడు. బాణం గుర్తును తప్ప తెర మీది రాత చూడను కూడా లేదు. మా ఆయన నేర్పినట్టే తల వంచుకుని, చెవి నా వైపు పెట్టి కూర్చున్నాడు.

వాడుకరిని తొలగించడమైనది అని వచ్చింది. మీటింగు ముచ్చట్ల పేజీ తెరిస్తే ఏమీ లేదు. తెల్లగా ఉంది.

బ్యాకప్ ఎవలు తీసిండ్రు అని వెనక నుంచి ఎవరో అడిగారు. ఫొటోగ్రాఫర్ అడిగినవాళ్ళ వైపు చూశాడు, వాళ్ళు టీచరక్క వైపు చూశారు. ప్రతి మీటింగుకు ముందు సైటుకు నకలు తీసిపెట్టే పని మా ఆయనది. ఆయన లేడు కాబట్టి ఆ పని కూడా జరగలేదని మాలో ఒక్కరికీ తట్టలేదు. చేతికి అందే పాత నకలు ఏదీ లేదు.

ఫొటోగ్రాఫర్ మొహం నెత్తురు చుక్క లేకుండా అయింది. "వదినా, నా చెయ్యి ఇరిగిపోను" అన్నాడు.

పద్ధతి ప్రకారమే చేసినవు, నేను ఆగిన కాబట్టి నొక్కినవు, దాంట్లో తప్పేముంది తమ్మీ అన్నాను. ఏం పోయిందో గదిలో అందరికన్నా నాకే ఎక్కువ తెలుసు. అరవాలి, మీద పడి కొట్టాలి, కనీసం కూలబడాలి. ఏదీ జరగలేదు. చాయ్ మీద మీగడ కట్టింది, అది చూస్తూ కూర్చున్నాను. ఇంత జరిగినా నాకేం కాలేదంటే ఇంక ఎప్పటికీ ఏమీ కాదు కాబోలు అని మాత్రం భయమేసింది. ఆ భయం కూడా ఎక్కడో దూరంగా, ఇంకొకరిది అన్నట్టుంది.

టీచరక్క లేచి కళ్ళద్దాలు పెట్టుకుని గోడ దగ్గరికి వెళ్ళింది. జర ఆగుండ్రి, చెత్తబుట్టల చూసిండ్రా అంది. ఈ సాఫ్ట్‌వేర్ తీసేసిన టపాలను ఒక్కసారే తుడిచిపెట్టదు, నెల రోజుల దాకా చెత్తబుట్టలో ఉంచుతుంది. ఈ సంగతి కొత్తగా వచ్చినవాళ్ళందరికీ మేమే నేర్పుతాం. ఆ గాబరాలో మాకే గుర్తురాలేదు. అక్క చదివింది, ఫొటోగ్రాఫర్ నొక్కాడు. ఈసారి దొంగచూపుగా తెర మీది రాత కూడా చదివాడు. అన్నీ ఉన్నాయి. ఒక్కొక్కటీ మళ్ళీ వెనక్కి వచ్చింది.

అయితే వచ్చినవి వచ్చినట్టు రాలేదు. ప్రతి ముచ్చట పైనా 'రాసినవారు' అని ఉంటుంది, దాని పక్కన పేరుంటుంది. ఇప్పుడు అక్కడ పేరు లేదు. ఖాతా పోయింది కాబట్టి పేరూ పోయింది. రాసినవారు, ఖాళీ. దాని కిందిది తెరిస్తే, రాసినవారు, ఖాళీ. లేచి వెళ్ళి ఆ ఖాళీ మీద వేలు పెడితే గోడ చల్లగా తగిలింది. చాలా రోజుల తర్వాత ఒంట్లో ఏదో ఒకటి తెలిసింది.

అన్న పేరు మీదనే కొత్త ఖాతా తెరుద్దాం వదినా, మల్ల మునుపటి లెక్కనే ఉంటది అన్నాడు ఫొటోగ్రాఫర్. ఆ మాట అందరికీ నచ్చింది. తప్పు దిద్దుకునే దారి దొరికినందుకు అతని మొహంలోకి నెత్తురొచ్చింది. ఒక్క నిమిషం నాకూ ఆశ పుట్టింది. ఆ ఫొటో, ఆ పేరు, ఆ మూసిన పెదాల నవ్వు మళ్ళీ అక్కడ ఉంటాయి. మళ్ళీ ఎవడో రమ్మీవాడు దాంట్లోకి దూరతాడు.

"వద్దు," అన్నాను. "లేని మనిషికి తాళం ఇయ్యొద్దని ఆయననే చెప్పిండు. ఉన్న మనిషి పేరు మీద పెట్టుండ్రి."

ఎవల పేరు మీద అని టీచరక్క అడిగింది గానీ, అప్పటికే అందరూ నన్నే చూస్తున్నారు.

"నా పేరు మీద."

అక్క చదివింది, అతను నొక్కాడు. ఒక్కసారిగా అన్నిటి మీదా నా పేరు వచ్చి కూర్చుంది.

ఏదైనా మార్చాక ఒకటి తెరిచి పైనుంచి కింది దాకా చదివి చూడాలి, సరిగ్గా ఉందా లేదా అని. ఇదీ పద్ధతే. ఎవరో నందికొండ ముచ్చట తెరవమన్నారు. చదివేది మళ్ళీ నేనే. ఫొటోగ్రాఫర్ మౌసు మీద చెయ్యి పెట్టుకుని, తల వంచుకుని, చెవి నా వైపు పెట్టాడు. రాసినవారు అని చదివి, నా పేరు నేనే చదువుకున్నాను. ఆయన రాసింది జీవితంలో మొదటిసారి చదవడం మొదలుపెట్టాను.

"ఈసారి నందికొండల కూడినం. డ్యామ్ గేట్లు మూసే ఉన్నయి, మనోళ్ళ నోళ్ళు మాత్రం మూతపడలే. మా ఇంటామె తెచ్చిన పులిహోర గిన్నె ఊడ్చి తిన్నరు. పులిహోర మంచిగ చేస్తది. చారు మాత్రం ఆమెకు రాదు. పెండ్లయిన కాడికెంచి తాగుతున్న, ఇప్పటిదాక చెప్పలే. గీడ రాస్తే భయం లేదు, ఆమె గివి చదువది."

ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకున్నారు. నా చారు గురించి నా పేరు మీదే ఉంది ఆ మాట, నేనే రాసుకున్నట్టు.

నాకు కోపమొచ్చింది. ఎంత కోపమంటే చెవులు వేడెక్కాయి. ఇన్నేళ్ళూ ఇంకో గరిటె పొయ్యి అంటూ అడిగి పోయించుకుని, గిన్నె అడుగు దాకా తాగి, మూడు ఊళ్ళవాళ్ళు చదివేచోట ఇట్లా రాసిపెడతాడా? ఒక్కసారి నోరు విప్పి చింతపండు ఎక్కువైంది అంటే నేను కొరుక్కుతింటానా? ఇప్పుడు అడుగుదామంటే మనిషేడీ? ఆ మాట అనుకున్నాను, అంతే. ఇన్ని రోజులూ ఎక్కడ ఆగిందో అదంతా ఒక్కసారి గొంతులోకి వచ్చింది. కళ్ళ నిండా నీళ్ళు. గోడ మీద అక్షరాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి. అక్క లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది, ఇంక చాలు చెల్లె, ఆపు అంది.

మౌసు మీద ఫొటోగ్రాఫర్ చెయ్యి అట్లాగే ఉంది. ఆగితే నొక్కుతాడు. ముక్కు తుడుచుకుంటూ, ఏడుస్తూ, ఎవరో గొడుగు మరిచిపోయిన సంగతీ, తిరుగు బస్సులో సీట్లు దొరక్క హాలియా దాకా నిలబడి వచ్చిన సంగతీ, ఏ ఒక్క మాటా వదలకుండా, ఎక్కడా ఆగకుండా చదువుతూనే ఉన్నాను.